భుజాల నడక

కండక్టర్ బావ మేస్త్రికి చేసిన అన్యాయాలు చాలా ఉన్నాయి. వాటిలో పెద్దది కుర్చీలది.

పదకొండేళ్ళ కిందట మేస్త్రి తన అక్కకి ఆరు కుర్చీలు చేసిచ్చాడు. ఇనుప మేకు లేకుండా, జిగురు చుక్క లేకుండా, కర్రని కర్రలో దూర్చి బిగించిన కుర్చీలు. ఒక్కోదానికి తొమ్మిది రోజులు పట్టింది. అక్క మొగుడు, అంటే కండక్టర్ బావ, అందులో ఒకదాని మీద కూచున్నాడు. అటు ఊగాడు, ఇటు ఊగాడు. ఇంటినిండా చుట్టాలుండగా, "దీనికన్నా మా బస్సులో వెనక సీటే నయం" అన్నాడు. అందరూ నవ్వారు. అక్క కూడా నవ్వింది. వారం తిరక్కుండా ఆ ఇంట్లోకి నాలుగు ప్లాస్టిక్ కుర్చీలొచ్చాయి.

ఆ రోజు నుంచి మేస్త్రి బావతో మాట్లాడటం మానేశాడు. పదకొండేళ్ళయింది. ఆ సంగతి బావ ఇంకా గమనించలేదు. ముప్పై ఒక్క ఏళ్ళు బస్సులో కండక్టరుగా చేసినవాడికి ఎదుటివాడు జవాబు చెప్పకపోవడం వింతేమీ కాదు.

అలాంటి మనిషితో, నడివేసవిలో, పొద్దున్న ఏడింటికి, బాట మలుపు దగ్గర మేస్త్రి భుజం కలిపి నిలబడవలసి వచ్చింది. కలిపి అంటే నిజంగానే, చొక్కాకి చొక్కా అంటుకునేలాగా.

తండ్రి పోయాక పొలమూ, దాని వెనక అడవిముక్కా అక్కాతమ్ముళ్ళకి చెరి సగం వచ్చాయి. తూర్పు సగం అక్కది, పడమటి సగం మేస్త్రిది. మధ్యలో హద్దురాళ్ళు ఉండేవి. వాగు పొంగిన ఏడు అవి వాగుతోపాటే వెళ్ళిపోయాయి. ఆ హద్దుని ఆనుకుని, మేస్త్రి వైపున, తండ్రి తన చేత్తో నాటిన చెట్లున్నాయి. నలభై ఏళ్ళ చెట్లు. చీలిస్తే దారం లాగినట్టు తిన్నగా చీలే కలప. మేస్త్రి చేసే కుర్చీల కాళ్ళన్నీ అక్కడ పుట్టినవే. ఏడాదికి ఒక్క చెట్టు కొడతాడు, దాని చోట ఇంకొకటి నాటుతాడు. టింబర్ డిపోలో కొన్న కలపతో కుర్చీ ఎవడైనా చేస్తాడు. ఈ చెట్లు పోతే మేస్త్రి కూడా ఆ ఎవడైనాల్లో ఒకడైపోతాడు.

రాళ్ళు లేనిచోట హద్దు తేల్చడానికి ఆ ప్రాంతంలో పాతకాలం పద్ధతి ఒకటుంది. భుజాల నడక అంటారు. రెండు పక్షాలవాళ్ళూ ఒకచోట బయల్దేరి, భుజానికి భుజం ఆనించి, పాత హద్దు వెంట నడవాలి. వెనకాల సర్వేయరు కర్రమేకులు పాతుకుంటూ రావాలి. ఇద్దరూ అంటుకుని నడిచినంతసేపూ మేకు ఇద్దరి మధ్య పడుతుంది. ఎవరైనా తన నేల వైపు పక్కకి జరిగితే, జరిగినంతమేరా వదులుకున్నట్టే. అప్పుడు మేకు ఆ జరిగినవాడి అడుగు దగ్గర పడుతుంది. సర్వే ఆఫీసు ఈ పద్ధతిని ఇప్పటికీ ఒప్పుకుంటోంది. ఇందులో ఆఫీసు చేసే పని తక్కువ.

ఇదంతా మేస్త్రికి కొత్త కాదు. తొమ్మిదేళ్ళప్పుడు తండ్రి పొరుగు రైతుతో ఇలాగే నడవడం చూశాడు. ఇద్దరికీ మధ్య కోర్టు కేసు నడుస్తోంది. అయినా ఒక్క చొక్కాలో ఇద్దరు దూరినట్టు, ముళ్ళకంపలోంచి కూడా విడిపోకుండా నడిచారు. ఇంటికొచ్చాక తండ్రి స్నానం చేస్తూ, "వాడి చెమట కంపు రెండ్రోజులదాకా వదల్దురా. పోనీలే, అడుగు నేల వదల్లేదు" అన్నాడు.

మేస్త్రి కూడా అదే అనుకుని బయల్దేరాడు. అక్కకి మోకాలు నొప్పి కాబట్టి ఆమె తరఫున బావ నడుస్తాడు. ఉత్తరంగా నడక. ఎడమపక్క మేస్త్రి, కుడిపక్క బావ. అడవిలోకి వెళ్ళాక చెట్లన్నీ మేస్త్రి ఎడమచేతి వైపు ఉండాలి. అంతే చూసుకోవలసింది.

సర్వేయరమ్మ ముప్పై ఏళ్ళ మనిషి. నెత్తిన టోపీ, నడుముకి సుత్తి, భుజాన మేకుల సంచీ.

"ముందే చెబుతున్నా, ఇద్దరూ వినండి" అంది. "నోటి మాటలు నేను రాయను, అడుగులే రాస్తాను. మధ్యలో 'అక్కడ కాదమ్మా, ఇక్కడ' అంటే నాకు వినపడదు. మీరు నడవడం, నేను కొట్టడం. ఆఖర్న సంతకాలు. సరేనా?"

"సరే సరే" అన్నాడు బావ. ఒక చేతిలో గొడుగు, ఇంకో చేతిలో సంచీ. "గుడ్లు తెచ్చానమ్మాయ్, ఉడకబెట్టినవి. నీకూ ఉన్నాయి."

"డ్యూటీలో తిననండీ."

"మా డిపోలో మేమూ అలాగే అనేవాళ్ళం."

మేస్త్రి సర్వేయరమ్మ వైపే చూస్తూ, "ఇది విహారయాత్ర కాదని ఆయనకి చెప్పండి" అన్నాడు.

సర్వేయరమ్మ బావని చూసింది. బావ మేస్త్రికి జానెడు దూరంలో ఉన్నాడు. "విన్నారుగా?" అంది.

"విన్నా విన్నా. మా బావమరిదికి మొదట్నుంచీ హాస్యం ఎక్కువ."

మేస్త్రి సంచీలోంచి ఒక మేకు తీసి అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఎవరు చెక్కారివి?"

"ఆఫీసువాళ్ళు కొన్నారండీ."

"మొన ఒక పక్కకే ఉంది. తిన్నగా దిగదు. నాలుగు దెబ్బలు ఎక్కువ పడతాయి చూస్కోండి."

"దిగితే చాలండీ. ఇక నడవండి."

నడిచారు. అడవిదాకా పాత హద్దు ఈ బాటే, దానికి రెండు పక్కలా నడుమెత్తు కంచెపొదలు. బండి చక్రాలు కోసిన గాడుల్లో దుమ్ము పిండిలా ఉంది, కాలేస్తే మడమదాకా దిగిపోతోంది. పొదల్లో తెల్లపూలు పూసి వాడిపోయాయి, తేనెటీగలకి మాత్రం ఆ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు. ఎనిమిది కాకుండానే ఎండ వీపు మీద పెనంలా ఉంది.

మొదటి రెండొందల అడుగులూ మేస్త్రి పళ్ళు బిగించి భుజం ఆనించే నడిచాడు. బావ భుజం మెత్తగా ఉంది, తడిగా ఉంది, పైగా మాట్లాడుతున్నప్పుడల్లా కదులుతోంది. బావ మాట్లాడని క్షణమంటూ లేదు కాబట్టి భుజం ఆగిన క్షణమూ లేదు.

"విరిగిన గేటు! విరిగిన గేటువాళ్ళు దిగాలి!" అని అరిచాడు బావ, గేటు పక్కనుంచి వెళ్తుండగా. తనే నవ్వాడు. "ఏమోయ్ బావమరిదీ, టికెట్టు తీశావా?"

తర్వాత గొడుగు విప్పాడు.

"రా, రా, లోపలికి రా. ఎండదెబ్బ తగిలితే మీ అక్క నన్నంటుంది."

గొడుగుకి ఒక పుల్ల ఊడి బయటికొచ్చి ఉంది. అది అడుగడుగుకీ మేస్త్రి కుడిచెవిలో గుచ్చుకుంటోంది. ఇరవై అడుగులు ఓర్చుకున్నాడు. ఇరవై ఒకటో అడుగులో సర్వేయరమ్మని కేకేసి, "గొడుగు ముయ్యమని ఆయనకి చెప్పండి" అన్నాడు.

"ఇవి నోటి మాటలండీ" అంది వెనకనుంచి.

మేస్త్రి అప్పుడు ఒక సంగతి కనిపెట్టాడు. సుత్తి చప్పుడు ప్రతి అడుగుకీ రావడం లేదు. లెక్కపెట్టాడు. నలభై అడుగులకి ఒకసారి వస్తోంది. అంటే నలభై అడుగులకి ఒక మేకు. ఆ మేకు పడేవేళకి భుజం దగ్గరుంటే చాలు, మధ్యలో ఎక్కడున్నా అడిగేదెవడు? ఇంత తేలిక ఉపాయం తండ్రికి తట్టనందుకు కొంచెం జాలిపడ్డాడు. చప్పుడు కాగానే రెండడుగులు ఎడమకి జరిగాడు. చెవికి ప్రాణం లేచొచ్చింది. ముప్పై ఎనిమిది లెక్కపెట్టి మళ్ళీ దగ్గరికొచ్చాడు.

వెనక్కి తిరిగి చూసుంటే అసలు సంగతి తెలిసేది. చూడాలంటే కుడిపక్కగా తిరగాలి, కుడిపక్కన బావ ముఖం ఉంది. పదకొండేళ్ళ నిష్ఠ. ఒక మేకు కోసం చెడగొట్టుకోదలచుకోలేదు.

సర్వేయరమ్మ పని తీరు వేరు. తిన్నగా నడిచినంతసేపూ నలభై అడుగులకి ఒక మేకు కొడుతుంది. ఎవరి అడుగైనా పక్కకి తిరిగితే, తిరిగినచోట ఒకటి, మళ్ళీ కలిసినచోట ఒకటి కొడుతుంది. ఆ మాట ఆమె చెప్పలేదు. ఎవరూ అడగలేదు కూడా.

అడవిలోకి అడుగుపెట్టేసరికి ఎవరో తలుపు వేసినట్టు ఎండ ఆగిపోయింది. ఎండుటాకుల కింద నేల మెత్తగా, చల్లగా ఉంది. పైన ఆకుల్లోంచి రూపాయి బిళ్ళలంత వెలుగుమచ్చలు బావ బట్టతల మీద పడి పాకుతున్నాయి. దూరాన ఏదో పిట్ట ఒకే ముక్క పట్టుకుని పదేపదే అంటోంది. దాని గొంతు బాగానే ఉంది, ఇంకో ముక్క రాదేమో.

"ఆహా" అన్నాడు బావ గొడుగు మూస్తూ. "ఏం గాలి! ఏం గాలోయ్! ఈ అడవి ఇలా ఉంటుందని చెప్పవేం? ఏటా వచ్చేవాణ్ణిగా."

అందుకే చెప్పలేదు, అనుకున్నాడు మేస్త్రి.

"నాకు పిత్తాశయంలో రాయి తీశారు తెలుసా? నీకు చెప్పలేదు కదూ?"

చెప్పాడు. మూడుసార్లు చెప్పాడు.

"ఇదిగో, ఇంత రాయి. డాక్టరు సీసాలో వేసిచ్చాడు. కిటికీలో పెట్టాను, వచ్చినవాళ్ళు చూస్తారని. ఒకరోజు చూస్తే లేదు! మీ అక్క పారేసింది. అడిగితే, ఇల్లు ఊడ్చేటప్పుడు రాళ్ళు పారెయ్యనా అంటుంది. చెప్పు, అది మామూలు రాయా?"

హద్దురాళ్ళన్నీ కొట్టుకుపోతే ఇన్నేళ్ళలో ఒక్కరోజు కూడా అడగని మనిషి, ఆ ఒక్క రాయి కోసం ఇప్పటికీ గుండెలు బాదుకుంటున్నాడు. మేస్త్రికి ఒళ్ళు మండింది. సరిగ్గా అప్పుడే మొదటి చెట్టు వచ్చింది.

తండ్రి చెట్టు. బెరడు చూస్తేనే లోపలి కలప ఎలా ఉంటుందో మేస్త్రికి తెలుస్తుంది. దాన్ని ఎడమచేతికి వదిలి నడవాలి. కానీ చెట్టుకి కుడిపక్కన మిగిలిన చోటు ఒక్క మనిషికే సరిపోయేంత, ఆ చోటులో బావ అప్పటికే ఆపరేషన్ బల్ల మీద పడుకోవడం ఎలాగో చేతులు చాపి చూపిస్తున్నాడు. మేస్త్రి చెట్టుకి ఎడమపక్కగా వెళ్ళాడు. ఇద్దరి మధ్యా చెట్టు వచ్చింది. బావ గొంతు సగానికి సగం తగ్గింది.

ఇది బాగుందనిపించింది.

తర్వాతి చెట్టు పది అడుగుల్లోనే ఉంది, దాని తర్వాత ఇంకొకటి. ఒక చెట్టు దాటి బావ దగ్గరికి రావడం, మళ్ళీ తప్పుకోవడం ఎందుకని మేస్త్రి అటుపక్కనే నడిచాడు. ఒక్కొక్క చెట్టునీ కుడిచేత్తో తడుముతూ, ఇది వచ్చే ఏడుకి, ఇది ఆ పై ఏడుకి, దీనికి ఇంకా వయసు రాలేదు అని మనసులోనే వరస పెట్టుకుంటూ పోయాడు. చాలా రోజుల తర్వాత ప్రాణం హాయిగా ఉంది. వెనకాల సుత్తి చప్పుడు తరచుగా వస్తోంది. మొన సరిగా లేని మేకులకి దెబ్బలెక్కువ పడతాయని తను ముందే చెప్పాడు. చెబితే విన్నారా?

వాగు దగ్గరికొచ్చేసరికి పది దాటింది. వాగులో నీళ్ళు లేవు, తెల్లటి గులకరాళ్ళూ నాలుగు ఎండిన నాచుముక్కలూ ఉన్నాయి. హద్దు మీదే పడి ఉన్న ఒక మాను మీద బావ చతికిలబడి సంచీ విప్పాడు.

"అయిదు నిమిషాలు. డ్రైవరు టీ తాగుతున్నాడనుకోండి." ఒక గుడ్డు పెంకు వలిచి, ఉప్పు అద్ది, మేస్త్రి వైపు చాపాడు. "తినవోయ్. పొద్దుట్నుంచీ ఒక్క మాట లేదు, నీరసించినట్టున్నావు."

మేస్త్రి పొద్దుట్నుంచీ ఏమీ తినలేదు. గుడ్డు నున్నగా, తెల్లగా, ఉప్పుతో మెరుస్తోంది. దాని వంక చూశాడు. దాన్ని పట్టుకున్న చెయ్యి వంక చూశాడు. వెనుదిరిగి, వాగుగట్టు మీద తన నేల వైపుకే పద్నాలుగడుగులు లోపలికి వెళ్ళి, ఒక బండకి వీపు ఆనించి బావకి కనపడకుండా కూచున్నాడు.

సర్వేయరమ్మ అతని వెంటే వచ్చింది. అతని చెప్పు పక్కన ఒంగి ఒక మేకు కొట్టింది.

"ఇక్కడెందుకమ్మా?"

"నా పని నేను చేసుకుంటున్నానండీ."

కూచున్న చోటికి గుర్తుగానేమో అనుకున్నాడు మేస్త్రి. ఆఫీసుల్లో ఇంతకంటే అర్థంలేనివి చాలా చూశాడు. లేచి, దుమ్ము దులుపుకుని, బావకి ఆ దూరం అలాగే ఉంచి మిగతా నడక నడిచాడు. ఆఖరి మేకు పడే చోట భుజం ఆనిద్దామని ముందే నిర్ణయించుకున్నాడు, ఆనించాడు కూడా.

అడవి అవతల ఇంకో బాట ఉంది. అక్కడ అక్క నీళ్ళ సీసాలతో కంచె నీడలో నిలబడి ఉంది. తమ్ముణ్ణి చూసి నవ్వబోయింది, అతని వెనక్కి చూసి ఆగిపోయింది.

"అదేమిట్రా?" అంది.

మేస్త్రి అప్పుడు వెనక్కి తిరిగాడు.

మేకుల తలలకి ఎర్రరంగు వేసి ఉంది. బాగా కనపడుతున్నాయి. అడవిలోంచి తిన్నగా రావలసిన వరస పడమటికి పొట్ట వేసుకుని, తండ్రి చెట్లన్నిటినీ చుట్టి, వాగు దగ్గర బండ దాకా వెళ్ళి, అక్కణ్ణుంచి తాపీగా తిరిగొచ్చింది. చెట్లన్నీ అటుపక్కన ఉన్నాయి. అటు అంటే అక్క వైపు.

"ఇదేమిటమ్మా?" అన్నాడు మేస్త్రి.

"మీ నడకండీ" అంది సర్వేయరమ్మ.

"నలభై అడుగులకి ఒకటి కదా మీరు..."

"తిన్నగా నడిస్తే."

బావ నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మేకుల వరస అంతా చూశాడు. అతనికి అర్థం కావడానికి కొంచెం టైము పట్టింది. అర్థమయ్యాక మేస్త్రి కంటే ఎక్కువ కంగారుపడ్డాడు.

"అయ్యయ్యో, ఆ చెట్లు వాడివమ్మాయ్. అందరికీ తెలుసు. వాడికే రాసెయ్. నేనేదో నడకకొచ్చాననుకున్నాను గానీ..."

"నేను అడుగులే రాస్తానండీ. ముందే చెప్పాను."

"అక్కా, నువ్వు చెప్పవే" అన్నాడు మేస్త్రి.

"నాకొద్దురా తండ్రీ ఆ చెట్లు, నేనేం చేసుకోను వాటిని?" అంది అక్క. "ఏమ్మా, వేరే దారేం లేదా? మేము మేము రాసుకుంటాం."

"మీరు మీరు రాసుకోవాలంటే రిజిస్ట్రేషనూ అదీ చాలా ఉంది. అంత అక్కర్లేదు." సర్వేయరమ్మ టోపీ తీసి విసురుకుంది. "పొద్దుగూకేలోగా అయితే మళ్ళీ నడవచ్చు. ఈ మేకులన్నీ పీకేస్తాను. ఒకటే షరతు. పక్కకి జరిగిన పక్షంవారు రెండో పక్షంవారిని అడగాలి. నా ఎదురుగా, నేరుగా. వాళ్ళు ఒప్పుకోవాలి."

"ఒప్పుకున్నా!" అన్నాడు బావ.

"ముందు ఆయన అడగాలండీ."

"అడుగోయ్. ఊఁ. అడుగు. అలిసిపోయానేమోనని మొహమాటపడకు. నాకేం, ఇంకో రెండుసార్లయినా నడుస్తాను. మాంఛి గాలి."

మేస్త్రి చెట్ల వైపు చూశాడు. చెట్లు అలాగే నిలబడి ఉన్నాయి. ఎటువైపున ఉన్నాయో వాటికి పట్టినట్టు లేదు. అతను సర్వేయరమ్మ వైపు తిరిగాడు.

"ఆయన మళ్ళీ నడుస్తారేమో కనుక్కోండి" అన్నాడు.

"నన్ను కాదండీ. ఆయన్ని."

"మీరు ఆయనకి చెప్పండి."

"మేస్త్రిగారూ, నేరుగా అన్నాను."

"ఒరేయ్" అంది అక్క, అతని మోచెయ్యి పట్టుకుని. "బావా, మళ్ళీ నడుద్దాం, అను. మూడు ముక్కలు. నీ నోట్లోంచి ముత్యాలేం రాలిపోవు. అసలు ఏమైందిరా నీకు? ఆయనతో మాట్లాడితే నీకేం?"

"ఏం, మాట్లాడటం లేదా?" అన్నాడు బావ ఆశ్చర్యంగా. "నాతోనా? ఎప్పట్నుంచి?"

అదొక్కటీ అనకుండా ఉంటే ఏమయ్యేదో. మేస్త్రి నోరు తెరిచే ఉంది. నాలుక మీద మొదటి అక్షరం కూడా వచ్చి కూచుంది. పదకొండేళ్ళు. పెళ్ళిళ్ళలో, చావుల్లో, ఆస్పత్రి వరండాలో, ఒకే బల్ల మీద పక్కపక్కన కూచుని కూడా బిగబట్టుకున్న పదకొండేళ్ళు. అవతలివాడికి ఇవాళ, ఈ క్షణాన, అక్క చెబితే తెలిసింది. ఇప్పుడు అడిగితే ఆ పదకొండేళ్ళూ ఎవరి ఖాతాలోకి పోతాయి?

నోరు మూసుకున్నాడు.

"కాగితం తెండి" అన్నాడు సర్వేయరమ్మతో.

"ఒరేయ్, వెర్రివాడా" అంది అక్క.

"తెండి."

సర్వేయరమ్మ అట్ట మీద కాగితం పెట్టి చాలాసేపు రాసింది. మధ్యలో రెండుసార్లు తలెత్తి మేస్త్రిని చూసింది. అతను ఏమైనా అంటాడేమోనని ఆగింది కూడా. బావ ఒక కాలి మీదనుంచి ఇంకో కాలి మీదకి మారుతూ, "మాట్లాడకపోవడమేమిటే?" అని అక్కని గుసగుసగా అడుగుతున్నాడు. ఆ గుసగుస వాగు అవతలికి వినపడుతుంది.

ఆమె చదివి వినిపించింది. "పడమటి పక్షంవారు తమ ఇష్టప్రకారం నడిచి వదులుకున్న నేల నలభై మూడు సెంట్లు. అందులో ఉన్న చెట్లు ఇరవై ఆరు. ఇక్కడ సంతకం."

మేస్త్రి కలం అందుకుని, కాగితం మీద ఆనించి, ఆగాడు. బావ కూడా మాట్లాడటం ఆపాడు, పొద్దుట్నుంచీ మొదటిసారి.

"ఇరవై ఆరు కాదు" అన్నాడు మేస్త్రి. "వాగుగట్టున బండ వెనకాల ఒక మొక్క ఉంది. కిందటేడు నాటాను. మోకాలెత్తే ఉంటుంది, మీకు కనపడి ఉండదు. రాసేది సరిగ్గా రాయండి."

సర్వేయరమ్మ కొట్టేసి మళ్ళీ రాసింది. మేస్త్రి సంతకం పెట్టాడు. నలభై మూడు సెంట్లు, ఇరవై ఏడు చెట్లు.